షుగరు పుస్తకం పక్కన థైరాయిడ్ కాగితం

యీ మధ్య నాకు వస్తున్న ఉత్తరాలలో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నది. రాసేవారిలో తల్లులే యెక్కువ. "మా అమ్మాయికి తొమ్మిదో యేటనుంచీ షుగరు వుంది. టైపు వన్ అన్నారు. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ పొడుస్తున్నాము. యిప్పుడు డాక్టరుగారు థైరాయిడ్ పరీక్ష కూడా రాశారు. వున్నది చాలదా? యీ కొత్త పరీక్ష యెందుకు? వచ్చిన కాగితంలో ఒక అంకె పక్కన యెక్కువ అన్న గుర్తు వేసి వుంది. మేము భయపడవలసినదేనా?" యించుమించు అందరి ధోరణీ యిదే. విడివిడిగా జవాబులు రాయడంకంటె, అందరికీ కలిపి యీ వారం యిక్కడే చెప్పడం మంచిదనుకుంటాను.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. టైపు వన్ షుగరు వున్నవారి విషయంలో థైరాయిడ్ కాగితాన్ని ఒంటరిగా చదవకూడదు. షుగరు లెక్కలు రాసుకునే పుస్తకం పక్కన పెట్టుకుని చదవాలి. ఆ లెక్కలు ఫోనులో వుంటే ఫోను పక్కన పెట్టుకోవాలి. రెండూ కలిపి చూస్తే తెలిసే సంగతి, యే ఒక్కటి చూసినా తెలియదు.

అసలు యీ పరీక్ష యెందుకు రాస్తారంటారా? పెద్దవయసులో మన యిళ్ళలో తరుచు కనిపించే షుగరు వేరు, పిల్లలకు వచ్చే టైపు వన్ వేరు. యిది మిఠాయిలు తిన్నందువల్ల వచ్చినది కాదు. మన వంట్లో కాపలా కాసే దండు ఒకటి వుంది. బయటనుంచి వచ్చే క్రిములను తరిమికొట్టడం దాని పని. ఆ దండు యెందుకో పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలనే శత్రువులనుకుని నాశనం చేస్తే వచ్చేది టైపు వన్. దొంగ అనుకుని యింటిమనిషినే కొట్టిన కాపలావాడు, మరొకనాడు పక్కగదిలోని మనిషిని కూడా కొట్టవచ్చు కదా! ఆ పక్కగది మనిషి చాలాసార్లు థైరాయిడ్ గ్రంథి అవుతున్నది. గొంతు ముందుభాగాన, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు వుండే చిన్న గ్రంథి అది.

టైపు వన్ వున్నవారిలో నూటికి 17 నుంచి 30 మంది వరకు యీ థైరాయిడ్ జబ్బు కూడా వుంటున్నదని లెక్క. మగపిల్లలకంటె ఆడపిల్లలలో యెక్కువ. యిలా థైరాయిడ్ నెమ్మదిగా చెడిపోయే జబ్బును 1912లో హాషిమోటో అనే జపాను వైద్యుడు మొదట వర్ణించాడు. అందుకే దానికి ఆయన పేరు మిగిలింది. ఉప్పులో అయొడిన్ తక్కువై వచ్చే గొంతువాపు వేరు. మన దేశంలో దానిమీద ప్రభుత్వం 1962లోనే కార్యక్రమం మొదలుపెట్టింది. కాబట్టి "మేము అయొడిన్ ఉప్పే వాడుతున్నాము, మా పిల్లకెందుకు వస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబు యిదే: యిది ఉప్పు లోపం కాదు, కాపలావాడి పొరపాటు. అయొడిన్ మాత్రలు మింగించినంతమాత్రాన తగ్గదు.

అందుచేతనే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ప్రకటించే ప్రమాణాలలో ఒక మాట వుంది. టైపు వన్ అని తేలిన కొద్దికాలానికే, వొళ్ళు కుదుటబడ్డాక, థైరాయిడ్ పరీక్ష చేయించాలి. బాగానే వుంటే యేడాదికో రెండేళ్ళకో ఒకసారి చేయిస్తూ వుండాలి. అనుమానించదగిన లక్షణాలు కనిపిస్తే అంతవరకు ఆగకూడదు. మీ డాక్టరుగారు పరీక్ష రాసింది మీ అమ్మాయిలో కొత్త జబ్బు యేదో చూసి కాకపోవచ్చు. క్రమం తప్పకుండా చూడవలసినది గనుక చూస్తున్నారు.

యిక కాగితంలోకి వద్దాము. మొదట కనిపించేది టి.ఎస్.హెచ్. చాలామంది దీనిని థైరాయిడ్ తయారుచేసే పదార్థమనుకుంటారు. కాదు. అది తలలో వుండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఉత్తరువు. యింటి యజమాని వాలుకుర్చీలో కూర్చుని వంటింట్లోకి "కాఫీ" అని కేకవేయడం అందరూ యెరిగినదే. కాఫీ వేళకు వస్తే ఆ కేక మామూలుగా వుంటుంది. ఆలస్యమైనకొద్దీ గొంతు పెరుగుతుంది. కాఫీమీద కాఫీ వచ్చి పడుతుంటే కేక వేయడమే మానేస్తాడు. టి.ఎస్.హెచ్. ఆ కేక. అది పెరిగిందంటే థైరాయిడ్ మందగించిందని అర్థం. బాగా తగ్గిపోయిందంటే థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నదని, లేదా మాత్ర మోతాదు మించిందని అర్థం. "అంకె యెక్కువగా వుంది కనుక థైరాయిడ్ యెక్కువైంది" అని యిరుగుపొరుగువారు చెప్పే మాట సరిగ్గా తలకిందుల మాట.

మరి కాఫీ యెంత వచ్చిందో చూడవద్దా? అది రెండవ అంకె, ఫ్రీ టి-ఫోర్. థైరాయిడ్ తయారుచేసి రక్తంలోకి వదిలే అసలు సరుకు అది. ఒక్కొక్కప్పుడు యజమానే కునుకుతీసి కేక వేయకపోవచ్చు, వంటింట్లో కాఫీ లేకపోవచ్చు. అప్పుడు టి.ఎస్.హెచ్. ఒక్కటే చూస్తే అంతా బాగానే వుందనిపిస్తుంది. అందువల్ల అనుమానం వున్నచోట రెండూ చూస్తారు.

పెద్దవారిలో టి.ఎస్.హెచ్. సుమారు 0.4 నుంచి 4.5 వరకు వుంటే మామూలు. పసిపిల్లలకు, గర్భిణులకు యీ హద్దులు వేరు. ప్రతి లాబ్ తన హద్దులు అంకె పక్కనే అచ్చువేస్తుంది, వాటితోనే పోల్చుకోవాలి. ఫ్రీ టి-ఫోర్ విషయంలో మరో తికమక వుంది. ఒక లాబ్ కొలతలో 1.2 అని వచ్చినది, యింకో లాబ్ వాడే కొలతలో సుమారు 15 అని వస్తుంది. రెండూ ఒకటే. వీశెలు, కిలోలు లాంటి తేడా. "పోయినసారి ఒకటి, యీసారి పదిహేను!" అని గుండెలు బాదుకున్న తండ్రిని నేనెరుగుదును.

టి.ఎస్.హెచ్. పది దాటి, ఫ్రీ టి-ఫోర్ తగ్గివుంటే సాధారణంగా మాత్ర మొదలుపెడతారు. టి.ఎస్.హెచ్. ఆరో యేడో వుండి ఫ్రీ టి-ఫోర్ మామూలుగా వుంటే, చాలాసార్లు రెండు మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష చేస్తారు. తెల్లవారుజామున యీ అంకె కాస్త యెక్కువగాను, మధ్యాహ్నం తక్కువగాను వుండడం సహజం. కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకు, వీలైతే ఒకే లాబ్‌లో, రక్తం యివ్వడం మేలు.

మూడవది యాంటీబాడీ పరీక్ష. కాపలావాడు థైరాయిడ్ వైపు కర్ర యెత్తాడా లేదా అన్నది దీనివల్ల తెలుస్తుంది. యెత్తినంతమాత్రాన కొట్టినట్లు కాదు. టైపు వన్ అని తేలేనాటికే నలుగురు పిల్లలలో ఒకరికి యీ యాంటీబాడీలు కనిపిస్తాయి. టి.ఎస్.హెచ్. బాగా వున్నంతకాలం వారికి మందు అవసరం లేదు. కాకపోతే పరీక్షలు తప్పకుండా చేయించుకుంటూ వుండాలి. యాంటీబాడీల అంకె తగ్గిందా పెరిగిందా అని పదేపదే డబ్బు ఖర్చుపెట్టడం మాత్రం వృథా.

యింతవరకు చెప్పినది థైరాయిడ్ పరీక్ష చేయించుకునే అందరికీ వర్తిస్తుంది. షుగరు పుస్తకం పక్కన పెట్టమన్నది యెందుకో యిప్పుడు చెబుతాను.

రెండేళ్ళ కిందట ఇంటర్ చదివే పిల్లను తీసుకుని తల్లీ, బామ్మా వచ్చారు. మూడు నెలలనుంచి ఆ పిల్లకు రాత్రిపూట షుగరు పడిపోతున్నది. పుస్తకంలో రాత్రి రెండు గంటలకు 52, మర్నాడు 58, మరొకనాడు 47. ఇన్సులిన్ మోతాదు మార్చలేదు. "అన్నం సరిగా తినదండీ, సన్నబడాలని పిచ్చి" అన్నది తల్లి. "పొద్దస్తమానమూ పడకే. పుస్తకం ముట్టదు" అన్నది బామ్మ. యెవరికీ తెలియకుండా ఇన్సులిన్ యెక్కువ పొడుచుకుంటున్నదేమోనని తండ్రికి అనుమానమట. సీసాలు ఆయన తాళంపెట్టి వుంచుతున్నారు.

"నువ్వు చెప్పమ్మా" అన్నాను.

"చెప్పినా యెవరూ నమ్మడం లేదండీ. నేను తింటూనే వున్నాను. లెక్కప్రకారమే పొడుచుకుంటున్నాను. చలేస్తుంది, నిద్రొస్తుంది, అంతే" అన్నది, నేలకేసి చూస్తూ.

సన్నబడాలని మాడుతున్న పిల్ల నాలుగు కిలోలు యెలా పెరిగింది? యెండాకాలంలో చలి యెందుకు వేస్తుంది? రక్తం తీయించాము. టి.ఎస్.హెచ్. 42. ఫ్రీ టి-ఫోర్ హద్దుకు బాగా దిగువన వుంది. కాగితాన్ని పుస్తకం పక్కన పెట్టి తల్లికి చూపించాను. థైరాయిడ్ మందగిస్తే తిన్నది పేగులనుంచి రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. లివరు తన నిలవలోనుంచి విడుదలచేసే చక్కెర తగ్గుతుంది. పొడిచిన ఇన్సులిన్ వంట్లో యెక్కువసేపు నిలుస్తుంది. నిన్నటిదాకా సరిపోయిన మోతాదే యివాళ యెక్కువవుతుంది. ఆ పిల్ల అబద్ధమాడలేదు. ఆ పిల్ల రాసుకున్న పుస్తకం కూడా అబద్ధమాడలేదు. తల్లి చాలాసేపు మాట్లాడలేదు. "తాళం యివాళే తీయిస్తానండీ" అని మాత్రం అన్నది.

అందుకే చెబుతున్నాను. కారణం లేకుండా షుగరు పదేపదే పడిపోతుంటే పిల్లను నేరస్థురాలిగా నిలబెట్టకముందు థైరాయిడ్ సంగతి డాక్టరుగారిని అడగండి. పిల్లవాడు యెత్తు పెరగడం మందగించినా, మలబద్ధకం, చర్మం పొడిబారడం, నెలసరి తప్పడం వున్నా అడగండి.

థైరాయిడ్ అతిగా పనిచేస్తే కథ తిరగబడుతుంది. షుగరు పెరుగుతుంది, ఇన్సులిన్ యెంత పొడిచినా చాలదు, తింటున్నా బరువు తగ్గుతుంది. దానికితోడు గుండెదడ, చెమటలు, చేతుల వణుకు. షుగరు పడిపోయినప్పుడు కూడా యివే లక్షణాలు కదా! వణుకు కనిపించగానే పంచదార పెట్టి, వున్న షుగరును యింకా పెంచుతారు. కొలిచే సాధనం చేతిలో వుంటే ముందు కొలవండి. లేకపోతే మాత్రం పంచదార పెట్టడమే క్షేమం.

పరీక్ష యెప్పుడు చేయించారన్నది కూడా ముఖ్యమే. మొట్టమొదట షుగరు బయటపడినప్పుడు చాలామంది పిల్లలు ఆయాసంతో, వాంతులతో ఆస్పత్రిలో చేరతారు. వొళ్ళు అంత దెబ్బతిన్న రోజులలో థైరాయిడ్ బాగానే వున్నా కాగితంలో అంకెలు తారుమారుగా వస్తాయి. ఆ కాగితం చూసి జీవితాంతం మాత్ర వేయాలని నిశ్చయించుకోకూడదు. షుగరు కుదుటబడిన కొన్ని వారాల తరువాత మళ్ళీ చూడాలి.

మూడు నెలల సగటు చెప్పే ఎ-వన్-సి పరీక్షలోనూ ఒక చిక్కు వుంది. థైరాయిడ్ మందగించినవారిలో ఎర్రకణాలు యెక్కువకాలం బతుకుతాయి. అందువల్ల వున్నదానికంటె యెక్కువ సగటు చూపించవచ్చు. కొలెస్టరాల్ కూడా పెరిగి కనిపిస్తుంది. "సగటు పెరిగింది, ఇన్సులిన్ పెంచుదాం" అని తొందరపడితే, ముందే పడిపోతున్న షుగరు యింకా పడిపోతుంది.

యిక పరీక్షనాటి జాగ్రత్త. యిది తల్లులందరూ గుర్తుంచుకోవాలి. రక్తపరీక్ష అనగానే పిల్లను పస్తు వుంచి తీసుకువెడతారు. టి.ఎస్.హెచ్.కు పస్తు అక్కరలేదు. యితర పరీక్షలకోసం పరగడుపున రమ్మంటే, వెళ్ళగానే ముందుగా రక్తం తీయమని అడగండి. రోజూ వేసే దీర్ఘకాలపు ఇన్సులిన్ మానవద్దు. భోజనానికి వేసేది మాత్రం తినేముందే వేయాలి. చేతిసంచిలో గ్లూకోజు వుండాలి. ఇన్సులిన్ వేసి, పస్తుపెట్టి, లాబ్ వరుసలో గంటలకొద్దీ నిలబెట్టడం పరీక్షకంటె పెద్ద ప్రమాదం.

జుట్టు రాలకుండా వాడే బయోటిన్ బిళ్ళల సంగతి కూడా చెప్పండి. మోతాదు యెక్కువైన బయోటిన్ కొన్ని యంత్రాలను మోసగించి, టి.ఎస్.హెచ్.ను తక్కువగాను, టి-ఫోర్‌ను యెక్కువగాను చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి.

మాత్ర మొదలుపెడితే పొద్దున్నే మంచినీళ్ళతో వేసుకోవాలి. తరువాత అరగంటనుంచి గంటవరకు కాఫీ అయినా, టిఫిన్ అయినా పనికిరాదు. ఇనుము, కాల్షియం బిళ్ళలకు నాలుగు గంటల యెడం వుండాలి. యీ మందు వంట్లో సగం తగ్గడానికే సుమారు వారం పడుతుంది. అందువల్ల మోతాదు మార్చిన ఆరునుంచి యెనిమిది వారాల తరువాత చేసిన పరీక్షే నిజం చెబుతుంది. పదిరోజులకే పరుగెత్తవద్దు. మాత్ర పనిచేసేకొద్దీ ఇన్సులిన్ అవసరం మళ్ళీ పెరగవచ్చు. ఆ వారాలలో షుగరు తరుచుగా చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. షుగరు పడిపోవడంతోపాటు పిల్ల చిక్కిపోతున్నా, చర్మం నల్లబడుతున్నా, ఉప్పు ఉప్పు అని అడుగుతున్నా, నిలబడితే కళ్ళు తిరుగుతున్నా ఆ సంగతి థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టకముందే డాక్టరుగారికి చెప్పాలి. కాపలావాడు మూత్రపిండాలపైనున్న ఎడ్రినల్ గ్రంథులమీద పడ్డాడేమో చూడాలి. అది అరుదు. కాని దానిని చూడకుండా థైరాయిడ్ మందు యిస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు.

"జీవితమంతా మాత్రా?" అని నిట్టూర్చేవారికి ఒక పాత సంగతి చెబుతాను. 1891లో ఇంగ్లండులో జార్జి మర్రే అనే వైద్యుడు, థైరాయిడ్ పూర్తిగా ఆగిపోయిన ఒక స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం యెక్కించాడు. ఆ చికిత్సతో ఆమె మరి 28 యేళ్ళు బతికింది. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఇన్సులిన్ యిచ్చారు. వంట్లో లేనిదానిని బయటనుంచి యిచ్చి మనిషిని నిలబెట్టవచ్చునని యీ రెండూ రుజువు చేశాయి. మనం నిట్టూర్చే ఆ మాత్రకోసం ఒకప్పుడు గొర్రెలను వెతుక్కున్నారు.

చివరగా, ఉత్తరాలలో చిన్న అక్షరాలతో అడుగున రాసే ప్రశ్న: "పెళ్ళివారికి యిది చెప్పాలా?" చెప్పాలనే నా అభిప్రాయం. దాచిన మాత్ర చాలా రోజులు వేసుకోకుండానే పోతుంది. దాచిన ఇన్సులిన్ సంగతి చెప్పనే అక్కరలేదు. కొత్తచోట అర్ధరాత్రి షుగరు పడిపోతే పక్కనున్నవారికి యేం చేయాలో తెలియదు. పైగా గర్భం రాకముందే టి.ఎస్.హెచ్. సరిచేసుకోవాలి. గర్భం వచ్చిన తొలి వారాలలోనే థైరాయిడ్ మాత్ర మోతాదు తరుచుగా పావువంతుకు పైగా పెంచవలసి వస్తుంది. అది తల్లికీ బిడ్డకూ కూడా అవసరం. యిదంతా రహస్యంగా జరిగే పని కాదు. చెబితే తప్పిపోయే సంబంధం, చెప్పకుండా కలుపుకుంటే నిలుస్తుందన్న నమ్మకమేమిటి?

యివాళే ఒక ఫైలు కొనండి. థైరాయిడ్ కాగితాలన్నీ తేదీల వరుసన పెట్టండి. ప్రతి కాగితం వెనుక, ఆ నెలలో షుగరు యెన్నిసార్లు పడిపోయిందో, ఇన్సులిన్ యెంత వేశారో, బరువు యెంతో నాలుగు ముక్కలు రాయండి. పిల్లకు పన్నెండేళ్ళు దాటివుంటే ఆ రాత పని తనకే అప్పగించండి. వచ్చేసారి డాక్టరుగారి ముందు ఆ ఫైలు తనచేతే తెరిపించండి.